కొండకొమ్మున చక్రాల బాట

బేర్ మౌంటెన్ అంత పెద్ద కొండేం కాదు. ఎత్తు 1,300 అడుగులకు కాస్త అటూ ఇటూ. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది పక్కన ఉంటుంది. కానీ కాలినడక మీద మోజున్న అమెరికన్లకు అది పుణ్యక్షేత్రమే. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల గుండా, దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రయల్‌లో తొలి ముక్కను 1923లో తెరిచింది ఇక్కడే. ఆ బాట వేసిందీ, నేటికీ చూసుకుంటున్నదీ ఎక్కువగా జీతం పుచ్చుకోని మనుషులే.

ఏళ్ల తరబడి జనం తొక్కీ తొక్కీ ఈ కొండ మీద మట్టి కొట్టుకుపోయింది. బాట గండిపడి, వేర్లు పైకి తేలాయి. 2006లో న్యూయార్క్-న్యూజెర్సీ ట్రయల్ కాన్ఫరెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ కొండ ఉన్న పార్కువాళ్లతో కలిసి దాన్ని తిరిగి వేయడానికి పూనుకుంది. పని పన్నెండేళ్లు పట్టింది. నిపుణులైన పనివాళ్లు కొందరుంటే, వాళ్ల వెనక వందల మంది వలంటీర్లు. వారమంతా కీబోర్డు తప్ప ఏదీ ముట్టని చేతులకు బండను ఎలా చీల్చాలో, గునపంతో ఎలా కదపాలో నేర్పి పనిలోకి దింపారు. వందల కిలోల రాళ్లను తీగల మీద వేలాడదీసి చెట్ల మధ్య నుంచి జరిపారు. నిటారుగా ఉన్నచోట వెయ్యికి పైగా గ్రానైట్ మెట్లు లేచాయి. శిఖరం మీద సుమారు అర మైలు మేర మాత్రం ఒక్క మెట్టూ లేదు. అది చక్రాల కుర్చీ కోసం వేసిన బాట.

మెట్లు కట్టడం కంటే ఇలాంటి బాట వేయడమే తేలికనుకుంటాం. కాదు. ఇక్కడ శత్రువు రాయి కాదు, నీరు. వాన నీరు పక్కకు జారిపోవాలంటే బాట ఒకవైపు వాలి ఉండాలి. ఆ వాలు ఎక్కువైతే కుర్చీ కూడా అటే లాగేస్తుంది. చేత్తో చక్రం తిప్పుకునేవాళ్లు దారి పొడవునా ఒక చేతికే ఎక్కువ పని పెట్టాలి, కాసేపటికే భుజం పడిపోతుంది. వాలు తగ్గిస్తే నీరు నిలిచి బురద అవుతుంది. మామూలు కాలిబాటల్లో నీటిని మళ్లించడానికి అడ్డంగా దుంగలు పాతుతారు. చక్రాలకు అదీ కుదరదు. అందుకే బాటనే అక్కడక్కడా కొద్దిగా దించి ఎత్తుతూ నీటికి తోవ చూపాలి. రసమట్టం చేతిలో లేకుండా ఒక్క గజం కూడా ముందుకు పోలేని పని ఇది.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో వేసే ఇలాంటి బాటలకు 2013 నుంచి లెక్కలున్నాయి. అడ్డవాలు నూటికి ఐదుకు మించకూడదు, తారో సిమెంటో వేస్తే రెండే. నిలువు ఎక్కుడు ఇరవై అడుగులకు ఒక అడుగు వరకైతే ఎంత దూరమైనా పర్వాలేదు. పన్నెండుకు ఒకటైతే ఒక విడతకు 200 అడుగులు దాటకూడదు, ఆ తర్వాత సేద తీరే చోటుండాలి. వెడల్పు కనీసం 36 అంగుళాలు. పైన పరిచేది నున్నటి గులకరాయి అయితే దొర్లిపోతుంది, ముందు చక్రాలు కూరుకుపోతాయి. కోణాలున్న కంకరను దాని పొడితో సహా పరిచి, తడిపి, దిమ్మిస కొడితే గట్టిపడుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం బోర్డు నియమం. బాట మొదట్లో కుర్చీ బొమ్మ ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. పొడవెంత, వాలెంత, వెడల్పెంత, ఇరుకైనచోట ఎంత, కింద ఏం పరిచారు అన్నీ రాయాలి. వెళ్లాలో వద్దో తేల్చుకునేది వచ్చినవాళ్లే.

అడవిని చదును చేస్తే ఇంకేం అడవి అని నసిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ కొండ శిఖరం దాకా 1930ల నుంచే కార్ల రోడ్డు ఉంది. కొండెక్కే కార్లను చూసి బాధపడని ప్రకృతి ప్రేమ, అరమైలు కంకరబాటను చూసి నొచ్చుకోవడం వింతే. నిజానికి ఆ రోడ్డు ఉండబట్టే ఇక్కడ చక్రాల బాటకు అర్థం. న్యూజెర్సీ తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కారులో పైదాకా తెచ్చి, "మీరు వెళ్లి రండర్రా, నేనిక్కడే కూర్చుంటా" అనే మాట విని, వాళ్లను పార్కింగులో వదిలేయాల్సిన పనిలేదు. ఇక మన భారతదేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం వినోద స్థలాలూ అందుబాటులో ఉండాలంటుంది. బైకులు రాకుండా పార్కు గేటు ముందు పాతే ఇనుప కడ్డీలు మాత్రం బైకుతో పాటు కుర్చీనీ ఆపేస్తాయి.

వేయడంతో పని ముగిసినట్టు కాదు. శరత్కాలంలో ఓక్ ఆకులు రాలి, తడిసి, జారుడవుతుంది. గట్టి వాన వస్తే కంకర పొడి కొట్టుకుపోయి చిన్న కాలువ పడుతుంది. నడిచేవాడు దాన్ని గమనించకుండానే దాటేస్తాడు, కుర్చీ అక్కడే ఆగిపోతుంది. అందుకే మెట్ల కన్నా ఈ అరమైలునే తరచూ వచ్చి చూసుకోవాలి. అమ్మానాన్నలకు విమానం టికెట్లు కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: శిఖరానికి తీసుకెళ్లే పెర్కిన్స్ డ్రైవ్‌ను చలికాలంలో మూసేస్తారు. అప్పుడు పైకి చేరడానికి మిగిలేది కాలినడకే.