చదువురాని అమ్మానాన్నలు కూడా బిడ్డ చదువుకు అండే



జూన్‌లో బడులు తెరిచిన దగ్గర నుండి మా ఓ.పి. విభాగానికి బడిపిల్లలు ఎక్కువగా వస్తుంటారు. కడుపునొప్పి, తలనొప్పి, నీరసం, కళ్ళు తిరగడం వంటివి చెబుతారు. డాక్టరుగారు పిలిచేలోపు పిల్లవాడి చదువు గురించి అడిగితే చాలామంది తల్లులు ఒకే మాట అంటారు: "మాకు అక్షరం ముక్క రాదు సిస్టరుగారూ. వాడి చదువు గురించి మాకేం తెలుస్తుంది? అంతా మేస్టారుగారి మీదే వదిలేశాం."

ఈ మాటలో సగమే నిజం. పాఠం చెప్పడం మేస్టారి పని. ఆ పాఠం వినగలిగేలా బిడ్డను తయారుచేసి పంపడం ఇంటివారి పని. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఆయన ఎంత మంచివారైనా, మీ బిడ్డ రాత్రి ఎంతసేపు నిద్రపోయాడో, ఏం తిని వచ్చాడో, ఏ చెవి వినిపించడం లేదో ఆయనకెలా తెలుస్తుంది? అది కనిపెట్టవలసింది మీరే. దానికి అక్షరాలు రానక్కరలేదు.

కళ్ళు, చెవులు

చదువులో వెనకబడిన బిడ్డను "మొద్దు" అనేముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. పుస్తకాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకోవడం, టి.వి. దగ్గరకు జరిగి కూర్చోవడం, దూరం చూసేటప్పుడు కళ్ళు చిట్లించడం, బోర్డు మీది లెక్కను తప్పుగా ఎక్కించుకోవడం చూపు లోపానికి గుర్తులు కావచ్చు. ఇంట్లో ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూసి, గోడమీది క్యాలెండరులో అంకెలు చెప్పమనండి. తరువాత రెండో కన్ను మూసి చెప్పమనండి. అంకెలు రాని చిన్నపిల్లలైతే బొమ్మలు చూపించండి. తేడా కనిపిస్తే కంటి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒక కన్ను సరిగా కనిపించకపోతే బిడ్డ రెండో కంటితో సర్దుకుపోతాడు, తనంతట తాను చెప్పడు. చిన్న వయసులో సరిచేయకపోతే ఆ చూపు ఎప్పటికీ మందగించిపోవచ్చు. అద్దాలు పెడితే రేపు పెళ్ళి కాదేమోనని ఆడపిల్లల అద్దాలు పెట్టెలో దాచే వారున్నారు. దయచేసి అలా చేయకండి.

మూడో తరగతి చదివే ఒక బాబును వాళ్ళ నాయనమ్మ మా దగ్గరకు తీసుకువచ్చింది. తల్లిదండ్రులు మిరపకాయ కోతలకు వలస వెళ్ళారు. బాబు చెప్పిన మాట వినడం లేదని బడిలోనూ ఇంటిలోనూ ఫిర్యాదు. ఆమె వేలిముద్ర వేసే మనిషి. అయినా ఒక సంగతి గమనించింది. పిలిచినప్పుడల్లా వాడు తల ఒక పక్కకు తిప్పి వింటున్నాడట. పరీక్ష చేస్తే కుడి చెవిలో చీము, కర్ణభేరికి రంధ్రం. మందులు వాడారు, చెవిలోకి నీళ్ళు పోకుండా జాగ్రత్తపడ్డారు, మేస్టారుగారికి చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఇప్పుడు చెప్పింది వింటున్నాడని నాయనమ్మే వచ్చి చెప్పింది. చెవి కారుతుంటే నూనె, ఆకుపసరు పోయకండి. పుల్లలతో, పిన్నీసులతో గెలకకండి.

ఇంకొక గుర్తు. మాట్లాడుతూనో, అన్నం తింటూనో బిడ్డ కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్లు ఉంటే, రోజుకు చాలాసార్లు అలా అవుతుంటే, అది పరధ్యానం కాకపోవచ్చు. అది ఒకరకం మూర్ఛ కావచ్చు. కొట్టడం వల్ల పోదు, మందులతో అదుపులోకి వస్తుంది.

పొద్దుటి ముద్ద, రాత్రి నిద్ర

ఖాళీ కడుపుతో వెళ్ళిన బిడ్డకు పది గంటలకే నీరసం వస్తుంది. టిఫిను చేసే తీరిక లేకపోతే చద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయతో పెట్టినా, రాగిజావ ఇచ్చినా మంచిదే. మధ్యాహ్న భోజనం ఉంది కదా అని పొద్దున్నే పస్తు పంపకండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన పిల్లకు ఆయాసం, నిద్రమత్తు, చదివింది గుర్తుండకపోవడం ఉంటాయి. అందుకే బడిలో వారానికొక ఐరన్ మాత్ర ఇస్తారు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున బడి మాన్పించకండి.

6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు 9 నుండి 12 గంటల నిద్ర, 13 నుండి 18 ఏళ్ళ వారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి పదకొండు వరకు సెల్‌ఫోను చూసిన బిడ్డ తరగతిలో కునికిపాట్లు పడక ఏం చేస్తాడు? పడుకునే ముందు ఫోను పెద్దవాళ్ళ దగ్గర ఉండాలి. ఆ నియమం పెద్దవాళ్ళూ పాటిస్తేనే పిల్లలు పాటిస్తారు.

బడికి వెళ్ళనంటే

సోమవారం ఉదయం వచ్చి ఆదివారం పోయే కడుపునొప్పులు మేము చాలా చూశాం. ముందు డాక్టరుగారికి చూపించండి. రోగం ఏమీ లేదని తేలితే "నాటకాలాడుతున్నావా" అని కొట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా? దెబ్బల భయమా? మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుందా? పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం నిషేధించింది. మీరు వెళ్ళి మర్యాదగా అడగవచ్చు. బిడ్డకు అపాయం అనిపిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఆడపిల్ల చదువు

పెద్దమనిషి అయిందని, పదో తరగతి తప్పిందని పిల్లను బడి మాన్పించి సంబంధాలు చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో వందకు 29 మందికి 18 నిండకముందే పెళ్ళి అయినట్లు తేలింది. అటువంటి పిల్లలు మా ప్రసూతి వార్డుకు వస్తారు. రక్తం తక్కువ, బి.పి. ఎక్కువ, కాన్పు కష్టం, బిడ్డ బరువు తక్కువ. ఆ మంచాల పక్కన నిలబడినప్పుడు మాకు అనిపించేది ఒక్కటే: ఈ పిల్ల ఇంకో రెండేళ్ళు బడిలో ఉంటే బాగుండేది. పరీక్ష తప్పితే మళ్ళీ రాయవచ్చు. నాన్నగారు "చదువుకో అమ్మా" అని ఒక్క మాట అంటే ఆ పిల్లకు కొండంత ధైర్యం.

బడికి వెళ్ళి అడగండి

బడి గేటు దాటడానికి సిగ్గుపడే తల్లిదండ్రులు చాలామంది. ఆ సిగ్గు వద్దు. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. చదువు వచ్చినవారే ఉండాలని ఎక్కడా లేదు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అటువంటి పిలుపు వచ్చినప్పుడు ఒక పూట కూలి పోయినా వెళ్ళండి. ఇద్దరికీ కుదరకపోతే ఒకరైనా వెళ్ళండి.

వెళ్ళి ఏం అడగాలో తెలియదంటారా? ఈ నాలుగు అడిగితే చాలు:

1. మా బిడ్డ రోజూ వస్తున్నాడా?
2. బోర్డు కనిపిస్తోందా, చెప్పింది వినిపిస్తోందా?
3. ఎవరితో కలిసి ఉంటున్నాడు, ఒంటరిగా కూర్చుంటున్నాడా?
4. ఇంటి దగ్గర మేము ఏం చేయాలి?

ఇంట్లో పావుగంట

సాయంత్రం పని ముగిశాక పావుగంట బిడ్డ దగ్గర కూర్చోండి. పుస్తకం తెరిచి "ఈ రోజు ఏం చెప్పారు, నాకు చెప్పు" అనండి. మీకు తెలియకపోవడమే ఇక్కడ మంచిది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే బిడ్డకు ముందు అర్థం కావాలి. వంటలో ఉంటే బియ్యం కొలవమనండి, సంతలో చిల్లర లెక్క వాడినే చెప్పమనండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. మార్కులు తగ్గితే తిట్టడానికి ముందు, పైన చెప్పినవన్నీ ఒకసారి సరిచూసుకోండి.

వలస వెళ్ళేవారు బిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళుతున్నారో మేస్టారుగారికి చెప్పి, ఫోను నంబరు ఇచ్చి వెళ్ళండి. వారానికొకసారి ఫోను చేసి, అన్నం తిన్నావా అని అడిగాక, బడికి వెళ్ళావా అని కూడా అడగండి.

ఈ వారంలో మొదటి పనిగా ఆ క్యాలెండరు పరీక్ష చేయండి. ఏమైనా అనుమానం ఉంటే బిడ్డను తీసుకుని మా ఓ.పి.కి రండి.