కడుపు పండే వయసు

ఓ చిత్రం చెబుతా, దగ్గరికి జరగండర్రా. మిమ్మల్ని కన్న అండం మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారైపోయింది! ఐదో నెలకి ఆడపిండంలో అరవై డెబ్బై లక్షల అండాలుంటాయి. భూమ్మీద పడేసరికి పది, ఇరవై లక్షలకి దిగుతాయి. పెద్దమనిషయ్యేనాటికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. కొత్తవి ఇక పుట్టవు. ఉన్నవి కణవిభజన మధ్యలో ఆగిపోయి, వంతు వచ్చేదాకా ఏళ్ల తరబడి కాచుక్కూచుంటాయి. నలభయ్యేళ్ల తల్లి అండానికీ నలభై నిండినట్టే. నాన్నల సంగతి వేరు, వాళ్ల శుక్రకణాలు రెండు రెండున్నర నెలలకోసారి కొత్తగా తయారవుతూనే ఉంటాయి.

అన్నేళ్లు ఆగిన విభజన మళ్ళీ మొదలయ్యేటప్పుడు క్రోమోజోముల పంపకంలో తేడా రావచ్చు. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువొస్తే అదే డౌన్ సిండ్రోమ్. తల్లికి ఇరవయ్యేళ్లప్పుడు సుమారు 1500 మంది బిడ్డల్లో ఒకరికి, 35 ఏళ్లకి 350 మందిలో ఒకరికి, 40కి వందలో ఒకరికి వస్తుంది. తల్లి వయసుకీ దీనికీ ఉన్న ముడిని ఇంగ్లండులో లయొనెల్ పెన్రోజ్ అనే డాక్టరు 1933లోనే లెక్కలు కట్టి చూపించాడు. ఆ అదనపు క్రోమోజోము బయటపడింది మాత్రం 1959లో. కారణం కంటికి కనబడక ముందే లెక్కకి చిక్కింది చూశారా! ఇలాంటివి తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంత సంబరమో.

సరే, అది బిడ్డ సంగతి. తల్లి ప్రాణం మీదికొచ్చేవి వేరే ఉన్నాయి. ఐవీఎఫ్‌లో వేరొకరి అండంతో యాభై దాటినవాళ్లు కూడా కన్నారు కదా. అండం పడుచుది కాబట్టి డౌన్ భయం తగ్గుతుంది. మోసేది మాత్రం ఆ తల్లి గుండే, ఆమె రక్తనాళాలే. బీపీ ముప్పు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది.

ఆ బీపీ కథంతా మాయ దగ్గర మొదలవుతుంది. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులుంటాయి. కడుపు నిలిచాక మొదటి నాలుగైదు నెలల్లో మాయ కణాలు వాటిలోకి చొరబడి, గోడల్లోని కండరాన్ని తీసేసి వెడల్పు చేస్తాయి. నాట్లకి ముందు పిల్లకాలువ పూడిక తీస్తామే, అలాగన్నమాట. కాలువ వెడల్పైతే నీళ్లు నింపాదిగా పారి మడంతా తడుస్తుంది. ఇరుకైతే ఉరవడికి నారే లేచిపోతుంది. ధమనులు ఇరుకుగానే ఉండిపోతే, రక్తం చాలని మాయ కొన్ని పదార్థాల్ని తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఆమె రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. బీపీ 140/90కి ఎక్కుతుంది, మూత్రంలో ప్రోటీను పోతుంది. అది ప్రీ ఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే మనవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే.

తొలిచూలుకి ఈ ముప్పు ఎక్కువ. పసివయసు కాన్పులు దాదాపు అన్నీ తొలిచూళ్లే! నలభై దాటితే రక్తనాళాలు బిరుసెక్కి ఉంటాయి. దానికి తోడు షుగరు, మాయ కిందికి ఉండడం, కాన్పయ్యాక రక్తస్రావం కూడా ఎక్కువ.

పదహారేళ్ల పిల్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సమర్తాడితే ఎదుగుదల అయిపోయిందనుకుంటారు. కాదర్రా, ఆ తరవాత కూడా కటి ఎముకలు కొన్నేళ్లపాటు వెడల్పవుతూనే ఉంటాయి. ఇరుకు కటిలో బిడ్డ తల చిక్కుకుంటే తల్లీబిడ్డలిద్దరికీ గండమే. పైగా ఒంట్లో రక్తం కూడా తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. తెలంగాణలో 5.8 శాతం. పుస్తకాలు పట్టుకోవలసిన పిల్లలు! తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఇంత పెద్ద ముప్పునీ చిన్న పరీక్షలే పట్టేస్తాయి. నర్సమ్మ బీపీ చూశాక ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదులుతుంది. గుంట అలాగే నిలిస్తే నీరు పట్టినట్టు. కాళ్లకి నీరు చాలామందికి పడుతుంది కనక, మూత్రంలో పట్టీ ముంచి రంగు కూడా చూస్తుంది. ఇక ఫిట్స్‌కి వేసే మందేంటనుకున్నారు? మెగ్నీషియం సల్ఫేట్! పత్తి ఆకు ఎర్రబడితే మనం పిచికారీ చేసే లవణమే. ఇంజక్షన్ కోసం ప్రత్యేకంగా శుద్ధి చేస్తారంతే. మన దేశంతో సహా చాలా దేశాల తల్లుల మీద పోల్చిచూసి, మిగతా మందులకన్నా ఇదే మేలని 1995లో తేల్చారు.

అందుకని మీ ఇళ్లల్లో చెప్పండి. ఆడపిల్లకి పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాటే ఎత్తొద్దు, ఇరవై దాటాకే కాన్పు. ముప్పై అయిదు దాటాక కడుపు నిలిచిందని బెంగపడక్కర్లేదు గానీ, మూడో నెల నిండేలోపే ఆసుపత్రిలో పేరు రాయించుకోవాలి. ముప్పున్నవాళ్లకి డాక్టరమ్మ చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టేది నాలుగో నెలలోపే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలు కమ్మినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.