ఇల్లు గీసే చదువు



ఈసారి గోడపత్రికకి పై చదువుల గురించి రాయమన్నారు. డాక్టరు, టీచరు, పోలీసు గురించి ఎలాగూ అందరూ రాస్తారు. అందుకని నేను ఎవరూ రాయని చదువు గురించి రాస్తున్నాను. దాని పేరు టెక్నికల్ డ్రాయింగ్. దాని పక్కనే ఉండే ఇంకో చదువు ఇంటీరియర్ డిజైన్.

మా పెదనాన్న కూతురు శ్రీకాకుళంలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతోంది. మేము అప్ప అంటాం. సంక్రాంతి సెలవులకి భుజానికి ఒక పొడవాటి గొట్టం తగిలించుకొని వచ్చింది. ఊళ్లో చిన్నపిల్లలు తుపాకీ అనుకొని వెనకాలే పరిగెత్తారు. తీరా చూస్తే లోపల డ్రాయింగు షీట్లు. మూడు రోజులు నేను అప్పని వదల్లేదు. ఇక్కడ రాసింది చాలావరకు తను చెప్పిందే.

"గీతలు గీయడానికి కాలేజీకెల్లడమేటే?" అన్నాడు మా అయ్య. మన క్లాసులో కూడా కొందరు అలాగే అన్నారు. కానీ ఇది బొమ్మలేసే చదువు కాదు. బొమ్మలో చెట్టు అందంగా ఉంటే చాలు. ఇందులో అందం తరువాత సంగతి. ఆ గీతలు చూసి మేస్త్రి గోడ కట్టాలి, వడ్రంగి తలుపు చెయ్యాలి. గీసిన మనిషి పక్కన లేకపోయినా ఇద్దరికీ ఒకే అర్థం రావాలి.

ఉద్దానం నుంచి సంతకి పనసకాయలు వస్తాయి గదా. బయట నుంచి చూస్తే అన్నీ ముళ్లే. అడ్డంగా కోస్తే తొనలెక్కడో పిక్కలెక్కడో తెలుస్తుంది. ఇంటిని కూడా కాగితం మీద అలాగే కోస్తారు. నేల నుంచి ఒక మీటరు పైన, కిటికీలు తెగేలాగ అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి, పై నుంచి చూస్తే కనపడేది ప్లాను. నిలువునా కోస్తే సెక్షను. వీధిలో నిలబడి ఎదురుగా చూసినట్టు గీస్తే ఎలివేషను. ఈ మూడూ ఉంటే ఇల్లు మొత్తం చేతిలో ఉన్నట్టే. రేకుల్ని హుక్కులు దేనికి పట్టుకున్నాయో సెక్షనులోనే కనపడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రేకులు ఎగిరిపోవడం చూసినవాళ్లకి ఆ హుక్కు ఎంత ముఖ్యమో తెలుసు.

ఒక మాట చెప్పాలి. మన సవర గోడబొమ్మల్లో ఇల్లు గీసి, లోపలున్న మనుషుల్ని కూడా చూపిస్తారు. గోడ అడ్డం రాదు. అదీ సెక్షను లాంటిదే గదా అని అడిగితే అప్ప కాసేపు ఆలోచించి "అవునే, కానీ కొలత లేదు" అంది.

కొలత అంటే స్కేలు. 1:50 అంటే నిజం ఇంట్లో 50 సెంటీమీటర్లు కాగితం మీద 1 సెంటీమీటరు. గీతలకి కూడా మాటల్లాగ అర్థాలున్నాయి. కోసిన గోడకి లావు గీత. కనపడకుండా దాగినదానికి ముక్కలు ముక్కలు గీత. గీత, చుక్క, గీత, చుక్క అని వేస్తే అది మధ్యరేఖ. తలుపుకి పావు వంతు గుండ్రం గీస్తారు, అది తెరుచుకొనే దారి. సన్న గీతలకి గట్టి 2హెచ్ పెన్సిలు, లావు గీతలకి హెచ్, హెచ్‌బి. ఈ పద్ధతి లెక్కలన్నీ ఫ్రాన్సులో గాస్పార్డ్ మోంజ్ అనే లెక్కల మాస్టారు కోటలు కట్టడం కోసం కనిపెట్టాడు. అక్కడి సైన్యం చాలా ఏళ్లు వాటిని రహస్యంగా దాచింది. పుస్తకంగా వచ్చింది 1799లో. గీతల్ని దాచుకున్నారంటే వాటికి ఎంత బలముందో చూడండి.

ఇప్పుడు మా పిన్ని ఇంటి సంగతి. 2016 నుంచి ఉన్న గ్రామీణ ఆవాస్ పథకంలో ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి, వంటజాగాతో కలిపి. అంటే 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు అనుకోండి. 1:50లో గీస్తే 10 సెంటీమీటర్ల చదరం, మన నోటుబుక్కులో పట్టేస్తుంది. పిన్నికి అలాంటి ఇల్లే వచ్చింది. ప్లాను కాగితం రెండేళ్లు ట్రంకు పెట్టెలో ఉంది. అప్ప అది తీసి చూసి, వంటజాగా గోడలో సన్నగా ఉన్న జంట గీతల మీద వేలు పెట్టి "పిన్నీ, ఇక్కడ కిటికీ ఉండాలి" అంది. కట్టిన గోడకి కిటికీ లేదు. పిన్ని రెండేళ్లుగా ఆ పొగలోనే వండుతోంది. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. గోడ లేచేటప్పుడే ఎవరైనా చదివుంటే "ఏటి బాబూ, కిటికీ ఏదీ?" అని అడిగేవాళ్లం. కట్టినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. బాబాయి గునపం తెచ్చాడు గానీ అప్ప ఆపింది. కిటికీ పైన బరువు మోసే లింటెల్ ఉండాలట, లేకపోతే పై గోడ దిగిపోతుంది. కొలతలతో గీసి ఇచ్చింది. జీడి డబ్బులు వచ్చాక పని.

ఇంటీరియర్ డిజైన్ అంటే టెక్కలిలో, పలాసలో పెద్ద ఇళ్ల పైకప్పుకి పువ్వులు, రంగు లైట్లు పెట్టడమని చాలామంది అనుకుంటారు. అవీ ఉంటాయి, నాకు మాత్రం వాటి మీద ఇష్టం లేదు. అసలు పని లోపల మనిషి ఎలా కూర్చుంటుంది, ఎలా నడుస్తుంది, వెలుగు ఎటు నుంచి వస్తుంది అని చూడడం. ఉద్దానం పల్లెల్లో వరస ఇళ్లు చూడండి. పక్క గోడ పక్కింటివాళ్లదీ మనదీ. ముందూ వెనకా తప్ప కిటికీ పెట్టడానికి జాగా లేదు, నడిమి గది పగలే చీకటి. అక్కడ పైకప్పులో ఒక గాజు పెంకు పెట్టి గోడకి తెల్లసున్నం వేస్తే చాలా మారుతుంది. మా అమ్మ వేసవిలో పలాసకి జీడిపప్పు పొట్టు తియ్యడానికి వెళ్లేది. కిటికీ వీపు వెనకాల ఉండేదట. తన నీడ తన చేతుల మీదే పడేది, సాయంత్రానికి కళ్లు లాగేవి. మనుషుల్ని పక్కకి తిప్పి కూర్చోబెడితే సరిపోయేది, పైసా ఖర్చు లేదు. వంటగట్టు ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. అది నిలబడి వండేవాళ్లకి. మరి కూర్చుని వండే మా మామ్మకో? "ముందు మామ్మని కొలువు, తరువాత గట్టుని" అంది అప్ప.

పదో తరగతి తరువాత పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా. పరీక్ష 120 మార్కులకి, అందులో లెక్కలకే ఎక్కువ. టెక్కలిలో కూడా పాలిటెక్నిక్ ఉంది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు. ఇంటర్‌లో లెక్కలు తీసుకుంటే ఐదేళ్ల ఆర్కిటెక్చర్ చదవొచ్చు. అది విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో ఉంది, విజయవాడలో 2008లో పెట్టిన కాలేజీలో ఉంది. అహ్మదాబాద్‌లో 1961లో పెట్టిన డిజైన్ సంస్థలో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ చెప్తారు. అంత దూరమా అని మా అయ్య అప్పుడే భయపడుతున్నాడు. నేను ముందు పాలిసెట్ అంటున్నాను.

వార్డెన్ మేడమ్‌కి ఒక విన్నపం. మన డార్మిటరీలో మంచాల మధ్య దారి చాలా ఇరుకు, తలుపు పూర్తిగా తెరిస్తే మొదటి మంచానికి కొట్టుకుంటుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు చిన్నపిల్లలు పెట్టెలు తట్టుకొని పడుతున్నారు. మంచం 1.9 మీటర్లు, 0.9 మీటర్లు అయితే 1:50లో 3.8, 1.8 సెంటీమీటర్ల అట్టముక్క. గది ప్లాను చార్టు మీద గీసి, మంచానికొక ముక్క, పెట్టెకొక ముక్క కత్తిరించి, కాగితం మీదే జరిపి చూడొచ్చు. నిజం మంచాలు మొయ్యక్కర్లేదు. లెక్కల సారు టేపు ఇస్తామన్నారు. మీరు ఒప్పుకుంటే ఆదివారం టిఫిన్ అయ్యాక కొలుస్తాం. టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఇద్దరు కావాలి, పేర్లు నాకు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని