మీకు తెలుసా? దొంగకే అప్పగించిన దొంగ కేసు

హైదరాబాదు–విజయవాడ రహదారిపై నకిరేకల్లులో బస్సాగినపుడు, టీకొట్టు ముంగిట సినిమా కథలు తర్కించు యువకులలో పెక్కుమంది ‘కిక్’ చూచినవారే యైనను, ఈ విశేషమును గమనించి యుండకపోవచ్చును: 2009 మే 8న విడుదలైన యా సురేందర్ రెడ్డి చిత్రమున, రవితేజ ధరించిన చోరుని వెన్నాడిన పోలీసు అధికారి పాత్రధారి శ్యామ్, 2010లో తమిళమున ‘తిల్లాలంగడి’గా పునర్నిర్మితమైనపుడును ఆ పాత్రనే మరల ధరించెను, దొంగ మాత్రము మారి జయం రవి యయ్యెను. 2014 నాటి హిందీ రూపమున చోరుడు సల్మాన్ ఖాన్, తరిమినవాడు రణదీప్ హుడా.

వక్కంతం వంశీ కథలోని చమత్కారమంతయు (పోరాటములకన్న నాకిదియే రుచించినది) ముగింపున నున్నది: చోరుడు పోలీసు కొలువున చేరగా, తన్ను తాను పట్టుకొను కేసే వానికి అప్పగింపబడును. స్పీల్‌బర్గ్ 2002లో తీసిన ‘క్యాచ్ మీ ఇఫ్ యూ కెన్’ చిత్రమున సైతము, యువవంచకుడు తుదకు తన్ను వెంటాడిన అధికారి కార్యాలయముననే ఉద్యోగము చేయును.