తొలి కాన్పు – ముందుగా నేర్వవలసినది

నేనెరిగిన ఒక అమ్మాయి తొలి కాన్పులో, పెద్దల మాట విని, నొప్పులు మొదలైనది మొదలు రాత్రంతా ముక్కింది. తెల్లవారి ఆసుపత్రికి చేరేసరికి గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లే తెరుచుకొని ఉన్నది. అసలు ముక్కవలసిన వేళకు ఆమెలో ఓపిక మిగలలేదు.

ద్వారం పూర్తిగా, అనగా సుమారు 10 సెంటీమీటర్లు, తెరుచుకొన్న తరువాతనే ముక్కడం వల్ల ప్రయోజనం. నొప్పి రానిదే ముక్కరాదని చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలోనే హెచ్చరిక ఉన్నది. అంతవరకు నిదానంగా ఊపిరి పీల్చి, మరింత నిదానంగా విడవడం ప్రసవపూర్వ శిక్షణ తరగతులలో అభ్యాసం చేయిస్తారు. ఏడవ నెల నుంచి దంపతులిద్దరూ వెళ్లడం మేలు. నొప్పి వచ్చినపుడు భార్య నడుమును అరచేతితో ఎలా అదిమిపట్టాలో భర్త అక్కడ నేర్చుకొంటాడు. వరండాలో పచార్లు చేయడం కన్న ఇది ఎంతో నయం!

దొంగనొప్పులు కాసేపు నడిచినా, పడుకొన్నా సద్దుమణుగుతాయి. అసలు నొప్పులు దగ్గరపడుతూ తీవ్రమవుతాయి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పులకై ఎదురుచూడక తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పులు రావడానికని ఇంట్లో ఆముదం తాగించడాన్ని మాత్రం నేను అంగీకరించను. విరేచనాలై గర్భిణి కాన్పుకు ముందే నీరసించిపోతుంది.