కాన్వాసు మీది గీత జేబులోకి ఎలా వచ్చింది?

ఆర్ట్ మూవ్‌మెంట్ అనగానే మనలో చాలామందికి మ్యూజియంలో పిల్లలతో గబగబా దాటేసే గదులు గుర్తుకొస్తాయి. ఆ గదుల్లోని బొమ్మలకీ, మనం వేసుకునే బట్టలకీ, జేబులోని ఫోనుకీ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆ చుట్టరికం ఎలా కలిసిందో చెప్పడానికి బౌహౌస్ కథ మంచి ఉదాహరణ.

1919లో జర్మనీలోని వైమార్ పట్టణంలో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్టు పెట్టిన బడి పేరు బౌహౌస్. కళాకారుడికీ పనివాడికీ మధ్య ఉన్న గోడ కూల్చాలన్నది అతని పట్టు. పాల్ క్లే, కాండిన్‌స్కీ వంటి చిత్రకారులు అక్కడ పాఠాలు చెప్పారు. విద్యార్థులు ముందుగా రంగు, ఆకారం, ముడిసరుకుల స్వభావం నేర్చుకుని, ఆ తర్వాతే వడ్రంగమో, నేతో, లోహపు పనో ఎంచుకునేవారు. వస్తువు చేసే పనికి అక్కరలేని అలంకారం ఎందుకన్న ప్రశ్న అక్కడ గట్టిగా వినిపించేది.

1933లో నాజీల ఒత్తిడికి ఆ బడి మూతపడింది. గురువుల్లో కొందరు మనలాగే పెట్టెలు సర్దుకుని అమెరికా చేరారు. గ్రోపియస్ హార్వర్డుకీ, మీస్ వాన్ డెర్ రో షికాగోకీ, జోసెఫ్ ఆల్బర్స్ నార్త్ కరొలైనాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీకీ వచ్చారు. వాళ్ళు తెచ్చింది బొమ్మల కంటే ముఖ్యంగా ఒక బోధనా పద్ధతి. బొమ్మను చూసి కాపీ కొట్టవచ్చు. పద్ధతి నేర్చుకుంటే దాన్ని ఇంకో రంగంలో వాడుకోవచ్చు, గురువు మీద తిరగబడనూవచ్చు.

ఆల్బర్స్ దగ్గర చదివి, ఆయన క్రమశిక్షణకు ఎదురు తిరిగినవాడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్. 1951లో అతను ఏ బొమ్మా లేని తెల్లటి కాన్వాసులు చేశాడు. గదిలోని వెలుగునీడలు వాటి మీద పడితే అదే చిత్రం. వాటిని చూసిన సంగీతకారుడు జాన్ కేజ్ 1952లో ఒక కచేరీ కూర్పు చేశాడు. పియానో ముందు కూర్చున్నవాడు 4 నిమిషాల 33 సెకన్లు ఒక్క స్వరమూ వాయించడు. హాల్లో వినిపించే చప్పుళ్ళే సంగీతం! తెల్ల కాన్వాసులే ముందు వచ్చాయని కేజ్ స్వయంగా రాశాడు.

ఫ్యాషన్‌లోకి ఈ చూపు మరో దారిన వచ్చింది. డచ్ చిత్రకారుడు మోండ్రియన్ వ్యాసాలను బౌహౌస్ 1925లో పుస్తకంగా అచ్చువేసింది. నల్లటి నిలువు, అడ్డ గీతలు, మధ్యలో ఎరుపు, నీలం, పసుపు గళ్ళు అతని బాణీ. 1965లో ఈవ్ సాన్ లోరాన్ ఆ గళ్ళతో గౌన్లు కుట్టించాడు. అవి రంగు అద్దినవి కావు. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టి, ఒంటికి అమరడానికి కావలసిన కుట్లను ఆ గళ్ళ గీతల్లోనే దాచారు. అప్పటి నిటారు గౌను కాన్వాసులా చదునుగా ఉండబట్టే అది కుదిరింది. చవక నకళ్ళు త్వరలోనే బజారులోకి వచ్చాయి.

ఇక మన ఫోను సంగతి. బౌహౌస్ విద్యార్థి మాక్స్ బిల్ మరికొందరితో కలిసి 1953లో జర్మనీలోని ఉల్మ్‌లో డిజైన్ బడి స్థాపించాడు. ఆ బడి బ్రౌన్ కంపెనీతో కలిసి పనిచేసింది. బ్రౌన్‌లో డీటర్ రామ్స్ 1958లో చేసిన టీ3 రేడియోని, 2001లో వచ్చిన ఐపాడ్‌ని పక్కపక్కన పెడితే పోలిక కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. 2007 నాటి ఐఫోన్ కాలిక్యులేటర్ కూడా బ్రౌన్ కాలిక్యులేటర్‌నే తలపించేది.

స్క్రీన్ మీద ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం నిత్యం వాదించుకుంటాం. ఆ వాదన మొదలుపెట్టినవాళ్ళలో చిత్రకారులూ ఉన్నారు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. హైస్కూల్లో అమ్మాయో అబ్బాయో ఆర్ట్ క్లాసు తీసుకుంటానంటే, దాని బదులు ఇంకో కంప్యూటర్ క్లాసు తీసుకోమనేముందు ఈ కథ ఒకసారి తలుచుకోండి. ఆ రెండు క్లాసుల మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.