‘డిస్క్ జారింది’: నడుము శస్త్రచికిత్స నిర్ణయంలో వాడుక మాట ప్రభావం

‘డిస్క్ జారింది’ అనే వాడుక రోగిని పొరబాటు పట్టిస్తుంది. వెన్నుపూసల నడుమనుండే డిస్క్ తన చోటు వదలదు. దాని వెలుపలి పొర చిరిగి, లోపలి మెత్తని పదార్థం పైకి వచ్చి నాడిని నొక్కుతుంది. శస్త్రవైద్యుడు తొలగించేది ఆ పైకి వచ్చిన భాగాన్నే. జారినదాన్ని తిరిగి అమర్చడం కాదు. అందువల్ల కాలిలోకి పాకే నొప్పి, అంటే ఆయుర్వేదం చెప్పిన ‘గృధ్రసి’, తగ్గినంతగా నడుము నొప్పి తగ్గుతుందన్న హామీ లేదు.

2007లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 283 మంది తీవ్ర గృధ్రసి రోగులను పరిశీలించారు. ముందుగా శస్త్రచికిత్స పొందినవారు త్వరగా కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వర్గాల ఫలితమూ దాదాపు సమానమే. అయితే వేచి ఉన్నవారిలో 39 శాతం మందికి ఆలోగా శస్త్రచికిత్స తప్పలేదు. మూత్రంపై అదుపు తప్పినా, పాదం బలహీనపడుతున్నా ఈ నిరీక్షణ వర్తించదు.

డిస్క్ శస్త్రచికిత్స తరువాత సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే నడిపిస్తారు. నెలల తరబడి మంచం దిగనివ్వని ఇంటివారి పట్టుదలకు మూలం కూడా, నా దృష్టిలో, ‘మళ్లీ జారుతుందేమో’నన్న భయమే.